దీపాల వేళ అప్పగింత

నోటు 1

ఈ నోటు ఎలా రాయాలో చెబుతూ యూనివర్సిటీ వాళ్ళు ఒక కాగితం పంపారు. ‘మీ పనిలో మీరు గమనించింది, మీకు అనిపించింది దాచకుండా రాయండి’ అని ఉంది అందులో. దాచకుండా రాయడానికి నాకేం భయం? నా నోటికి తాళం లేదని మా వార్డంతా పదకొండేళ్ళుగా చెప్పుకుంటూనే ఉంది.

నా పేరు నూకరత్నం. వయసు నలభై ఏడు. కొత్తగట్టు గని ఆసుపత్రిలో ఆయమ్మని. కొత్తగట్టు చంద్రుడి మీద ఉందంటారు గానీ అది తప్పు. మేం ఉండేది చంద్రుడి లోపల, రాతి సొరంగంలో. పైన ఎండ పద్నాలుగు రోజులు కాస్తుంది, చీకటి పద్నాలుగు రోజులుంటుంది. దానితో మాకు పనిలేదు. మా తెల్లవారుజామూ, మా సాయంత్రమూ కప్పుకి బిగించిన దీపాల్లోంచే వస్తాయి. మొదట వచ్చినవాళ్ళు విజయనగరం వాళ్ళు కాబట్టి అక్కడి సాయంత్రాన్నే ఇక్కడ పెట్టుకున్నారు. ఆరు కొట్టేసరికి దీపాలు నారింజ రంగుకి తిరుగుతాయి.

ఈ ఏడాది మా ఆసుపత్రిలో డాక్టరు దగ్గర్నుంచి వంటమనిషి దాకా అందరినీ ఒకే చదువులో చేర్చారు. సెలవు పెట్టి వెళ్ళి చదివేది కాదు. ఎవరి పనే వాళ్ళకి పాఠం. పనిలో ఒక లోపం పట్టుకోవాలి, లెక్కపెట్టాలి, మార్చాలి, మళ్ళీ లెక్కపెట్టాలి. చివర్న పట్టా ఇస్తారట. పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని, పట్టా అనే మాట వింటేనే నవ్వొచ్చింది. తర్వాత ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. అది నవ్వులాట మొహంలా లేదు.

నోటు 2

మాకు పాఠం చెప్పే జహనారా మేడం భూమ్మీద ఉంటారు. మన ప్రశ్న అక్కడికి చేరి, జవాబు ఇక్కడికొచ్చేసరికి మూడు సెకన్లు పడుతుంది. ఇవాళ నేను ఒక తిక్క జవాబు చెప్పి, అది ఆవిడకి చేరేలోపే నాలిక కరుచుకున్నాను. మూడు సెకన్ల తర్వాత ఆవిడ నవ్వారు.

“మీ వార్డులో మిమ్మల్ని అన్నిటికన్నా బాధపెడుతున్నది ఏమిటి నూకరత్నం గారూ?” అని అడిగారు.

బాధ ఉంది. రెండు నెలల్లో ముగ్గురు రోగులు, పగలంతా బాగున్నవాళ్ళు, తెల్లవారేసరికి ప్రాణం మీదకి తెచ్చుకున్నారు. ముగ్గురూ బతికారు. మూడోవాడు గవరయ్య మావ, డ్రిల్లు పనివాడు. ఒంట్లో విషం పాకి, ఎడమచేతి వేళ్ళు ఇక మూతపడవు. గని కమిటీ నిన్న ఉత్తరం అంటించింది. ఇంకొక్కరికి ఇలా జరిగితే వార్డు మూసేసి, రోగులందరినీ దక్షిణాన ఉన్న యంత్రాల ఆసుపత్రికి పంపుతారట. బండి మీద రెండు రోజుల దారి అది. గవరయ్య మావని ఆ బండెక్కించి ఉంటే దారిలోనే పోయేవాడు.

“అయితే అదే మీ పాఠం” అన్నారు మేడం.

నోటు 3

నా అనుమానం ఎవరి మీదో ఇక్కడే రాసేస్తున్నాను. రాత్రి ఆయమ్మ సుగుణ మీద. కునుకు తీస్తుందని నా గట్టి నమ్మకం. ఆవిడ ఫ్లాస్కులో టీ నాకెప్పుడూ పొయ్యకపోవడానికీ దీనికీ సంబంధం లేదు.

మా దగ్గర పని ఎలా నడుస్తుందో చెప్పాలి. మంచాలకి తీగలూ తెరలూ ఉండేవి ఒకప్పుడు. చంద్రుడి రాతిదుమ్ము సూదుల్లా ఉంటుంది, ఆరు నెలలకే వాటిని తినేసింది. కాబట్టి రోగుల్ని మనుషులే చూడాలి. పద్దెనిమిది మంచాలు, రాత్రిళ్ళు ఒక నర్సు, ఒక ఆయమ్మ. అందరినీ ఒకేలా చూడలేరు. అందుకని డ్యూటీ మారే బల్ల పైన ఒక పెట్టె వేలాడదీశారు. దాన్ని మేం చెవి అంటాం. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి రోగుల్ని అప్పగిస్తూ చెప్పే మాటలన్నీ అది వింటుంది. విని, ఎవరిని పావుగంటకోసారి చూడాలో, ఎవరిని రెండు గంటలకోసారి చూడాలో పట్టీ వేస్తుంది. ఆ పట్టీ ప్రకారమే రాత్రివాళ్ళు తిరుగుతారు.

సుగుణ పట్టీ ప్రకారం తిరగడం లేదని నా లెక్కలో తేలాలి. రేపట్నుంచి లెక్క.

నోటు 4

తేలలేదు.

అరవై రాత్రుల పట్టీలు, వాటి మీద నర్సు వేసిన టైములతో సహా చూశాను. సుగుణ ఒక్క మంచాన్ని, ఒక్క రాత్రి కూడా తప్పలేదు. గవరయ్య మావని రెండు గంటలకోసారి చూడమంది చెవి, రెండు గంటలకోసారే చూసింది ఆవిడ. మధ్యలో ఉన్న రెండు గంటల్లోనే ఆయన ఒళ్ళు తెలియకుండా మునిగిపోయాడు.

ఆవిడతో ఆ మాట చెప్పడం ధర్మం కదా, చెప్పాను. “నన్ను దొంగని చెయ్యాలని నెక్క ఏసినావేటి?” అంది. అవునన్నాను. ఫ్లాస్కు మూత తీసి నాకు టీ పోసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నోటు 5

మరి చెవి ఆయన్ని రెండు గంటల పట్టీలో ఎందుకు వేసింది? దానికి మేం ఏం చెబితే అదే కదా తెలుస్తుంది. అప్పగింతలన్నీ దానిలో దాచి ఉంటాయి. వాటిని వినడానికి హెడ్ నర్సు హెప్సిబా సిస్టర్ అనుమతి ఇచ్చారు. రోజుకి అరగంట, బట్టలు మడతపెడుతూ వింటున్నాను.

‘సరిగా తినలేదు’, ‘కాళ్ళు చల్లబడ్డాయి’, ‘ఎందుకో నాకు నచ్చలేదు’, ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా ఒక గీత గీశాను. మేడం దీన్ని ‘అనుమానం’ అని పిలవమన్నారు. ఇరవై రోజులకి లెక్క ఇది. రాత్రివాళ్ళు పొద్దున్న మాకు అప్పగించేటప్పుడు, పూటకి పద్నాలుగు అనుమానాలు. మేం సాయంత్రం వాళ్ళకి అప్పగించేటప్పుడు, పూటకి రెండు.

రోగులు వాళ్ళే, మంచాలు అవే. పగలు పన్నెండు గంటలు కళ్ళు పెట్టుకుని చూసి, మేం చెబుతున్నది రెండే.

నోటు 6

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. దాచకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

గవరయ్య మావ మునిగిన రోజు సాయంత్రం అప్పగింత విన్నాను. ఆయన మంచాన్ని అప్పగించింది నేనే. నా గొంతు నేనే విన్నాను. “ఏడో మంచం, గవరయ్య మావ…” అన్నాను. ఆగాను. అక్కడ చిన్న క్లిక్కు వినిపిస్తుంది, దీపాలు రంగు మారేటప్పుడు వచ్చే చప్పుడు. ఆ తర్వాత “బాగానే ఉన్నాడు” అన్నాను.

బాగా లేడు. ఆ మధ్యాహ్నం గంజి ముట్టలేదు. దుప్పటి సర్దుతూ పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. చెప్పాలనుకునే బల్ల దగ్గరికి వచ్చాను. ఆ క్షణంలో దీపాలు తిరిగాయి. దీపాలు పెట్టే వేళ చెడుమాట అనకూడదు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నువ్వన్నదానికి తథాస్తు అనేస్తారు అని మా అమ్మమ్మ నా నోటి మీద కొట్టి నేర్పిన మాట. నేను ఆలోచించి ఆగలేదు. నోరు దానంతటదే ఆగింది. ఆయన మంచి కోరే ఆగింది.

మళ్ళీ అన్ని సాయంత్రాలూ విన్నాను. అందరం అంతే. ఆరు గంటల లిఫ్టులో రాత్రివాళ్ళు దిగడం, మేం బల్ల చుట్టూ చేరడం, దీపాలు తిరగడం, అందరి నోటా ‘బాగానే’. హెప్సిబా సిస్టర్ కూడా. ఆవిడకి చూపిస్తే ముందు కొట్టిపారేశారు. “మాకు తథాస్తు దేవతలేంటి నూకరత్నం, నేను చర్చికెళ్ళేదాన్ని” అన్నారు. ఆవిడ గొంతు ఆవిడకే వినిపించాను. అప్పుడు, “మా అమ్మ ఆ టైముకి ప్రార్థనకి కూచోబెట్టేది. చెడు కబురు ఎవరైనా ఎత్తితే కళ్ళెర్ర చేసేది” అన్నారు.

నా నోటికి తాళం లేదని మొదటి నోటులో రాశాను. తాళం ఉంది. ఆరింటికి పడుతుంది.

నోటు 7

గవరయ్య మావ చెయ్యి కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. ఆయనకి చెప్పకుండా మేడానికి చెప్పడం నాకు ఇష్టం లేదు. స్టూలు లాక్కుని కూచుని, గంజి సంగతీ, పాదాల సంగతీ, నేను మింగేసిన మాట సంగతీ చెప్పేశాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

ఆయన మూతపడని చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

“ఆ మాట నువ్వప్పుడు అని ఉంటే నానేటి సేద్దునో తెలుసా అమ్మీ? దీపాలేళ నా మంచం గురించి సెడ్డమాటేటని నిన్ను తిట్టీసుందును. నోరు ముయ్యమందును. నేదంటావా?”

“నీ చెయ్యి పోయింది మావా.”

“పోనాది. నాకు కోపం నేదని నాననను. ఉంది. పొద్దున్న సొక్కా గుండీ పెట్టుకున్నప్పుడల్లా వస్తాది.” మూతపడని చేతిని ఎత్తి చూపించాడు. “ఆ కోపంతో ఏటి సేస్తావు మరి? ఊరికే ఏడిసి ఒగ్గేస్తావా?”

ఒగ్గెయ్యనన్నాను.

నోటు 8

మొదటి మార్పు: సాయంత్రం అప్పగింతలో అనుమానాలు తప్పకుండా చెప్పాలని సిస్టర్ హుకుం జారీ చేశారు. గోడకి పెద్ద కాగితం కూడా. వారం తర్వాత లెక్క: పూటకి నాలుగు. అవీ గొణుగుడే, చెవికి సగం వినపడలేదు. ఒకరైతే మాట చెప్పేసి, చెడు తగలకూడదని టేబులు చెక్కని మూడుసార్లు తట్టారు. ఎవరో రాయను, ఆయన డాక్టరు.

మేడానికి సిగ్గుపడుతూ చెప్పాను. మూడు సెకన్లు. “మీరు మనుషుల్ని మార్చాలని చూస్తున్నారు. అది మా యూనివర్సిటీకే చేతకాలేదు” అన్నారు. “పని జరిగే తీరులో ఏదైనా మార్చగలరేమో చూడండి. ఒక్కటే మార్చండి. ఒక్క వారం.”

అప్పగింతని ఐదున్నరకి జరుపుదామంటే లిఫ్టు ఆరింటికే వస్తుంది. గని మొత్తానికి ఒకటే లిఫ్టు, దాన్ని జరపడం బ్రహ్మతరం కాదు. దారులన్నీ మూసుకున్నాయని కట్టు గదిలో గవరయ్య మావ ముందు గొణుక్కున్నాను.

“లిఫ్టు జరగదు. బాగుంది. మరి సాయంత్రం?” అన్నాడాయన.

“సాయంత్రం ఎలా జరుగుతుంది మావా?”

“ఇక్కడ సాయంత్రం ఏసేది దేవుడా? మన తవిటినాయుడు గాడేగా, మీట నొక్కి.”

నేను కట్టు కట్టడం మరిచిపోయి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

నోటు 9

తవిటినాయుడు దీపాల మేస్త్రీ. నిచ్చెన మీద ఉన్నాడు. కింద నిలబడి సంగతంతా చెప్పాను. ఆసుపత్రి వీధి వరకు సాయంత్రాన్ని నలభై నిమిషాలు ఆలస్యం చెయ్యమన్నాను.

“ఒలమ్మ! సూరుణ్ణి ఆపమంతన్నావా నన్ను?” అన్నాడు.

“నువ్వు దీపాలాపితే చాలు నాయుడూ.”

“మా తాతప్పట్నుంచి ఆరుకే పడతాది సాయంత్రం. ఆ దీపాల పట్టీ మీద సెయ్యేసినోడు నేడు ఇక్కడ. జనం ఏటంతారు?”

“గవరయ్య మావ చెయ్యి చూశావా?”

నిచ్చెన దిగాడు. దిగి, చేతులు తుడుచుకున్నాడు. తాను గవరయ్య మావ చెల్లెలి మొగుణ్ణని అప్పుడు చెప్పాడు, నాకప్పటిదాకా తెలియదు. “ఒక్క వారం. కమిటీ అడిగితే మరమ్మతని సెప్తాను” అన్నాడు. మరమ్మతే అని నేనన్నాను.

నోటు 10

ఈ వారం సాయంత్రం ఆరున్నర దాటాక వచ్చింది.

మొదటి రోజు బల్ల దగ్గర అందరం పిచ్చివాళ్ళలా కప్పు వైపు చూశాం. ఆరైంది. తెల్లటి పగటి వెలుతురు అలాగే ఉంది. సిస్టర్ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. రెండో మంచానికి రెండు అనుమానాలు, ఐదో మంచానికి ఒకటి. తర్వాత నేను. తర్వాత డాక్టరు, చెక్క తట్టకుండానే. అప్పగింత పది నిమిషాలు ఎక్కువ పట్టింది. రాత్రివాళ్ళు గుర్రుమన్నారు.

లెక్క: పూటకి పదమూడు. పావుగంట పట్టీలోకి ఎక్కిన నలుగురిలో ఇద్దరికి నిజంగానే మందు మార్చాల్సి వచ్చింది. ఎవరూ మునగలేదు. వీధి పిల్లలు నలభై నిమిషాలు ఎక్కువ ఆడుకున్నారని ఆసుపత్రి వీధి వాళ్ళు తవిటినాయుడికి గారెలు పంపారట. నాకు ఒక్కటీ పంపలేదు.

నోటు 11

గారెలు తిన్న తవిటినాయుడు మరమ్మతుని ఇంకొన్ని వారాలు సాగదీస్తానన్నాడు. మేడం లెక్క చూసి మెచ్చుకున్నారు. తర్వాత మూడు సెకన్లు కాదు, ఇంకా ఎక్కువసేపు ఆగారు.

“దీపాలు ఒక రోజు పాడైతే?” అన్నారు.

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. నచ్చలేదంటే అది సరైనదన్నమాట. వారం రోజులుగా గిన్నెలు కడుగుతూ దాని మీదే ఆలోచిస్తున్నాను. దేవతలు తథాస్తు అంటారని కదా మా భయం. చివరన్న మాటకే అంటారని అమ్మమ్మ చెప్పేది. అయితే మనం అనుమానం దగ్గరే ఎందుకు ఆపాలి? ‘గవరయ్య పాదాలు చల్లగా ఉన్నాయి, పావుగంటకోసారి చూస్తే బాగవుతాడు’ అనొచ్చు కదా. తథాస్తు అనడానికి వాళ్ళకీ ఒక మంచిమాట ఇచ్చినట్టుంటుంది. ఏం చెయ్యాలో రాత్రివాళ్ళకీ తెలుస్తుంది.

సిస్టర్‌కి చెప్పాను. “దేవతల సంగతి నాకు తెలీదు. రెండో సగం మాత్రం నర్సింగ్ స్కూల్లో నేర్పితే మేం మరిచిపోయిందే” అన్నారు.

నోటు 12

మేడం నోరు మంచిది కాదు. ఇవాళ దీపాలు పాడయ్యాయి.

పాడవడం కూడా కాదు. తవిటినాయుడు జ్వరమని రాలేదు. అతని బదులు వచ్చినవాడు గోడ మీది పాత పట్టీ చూసి మీట నొక్కాడు. ఆరింటికి, మేం బల్ల చుట్టూ నిలబడి ఉండగానే, క్లిక్కుమంది. వెలుతురు నారింజ రంగుకి తిరిగింది.

సిస్టర్ నాలుగో మంచం చెబుతున్నారు. “నాలుగు… బాగానే ఉన్నాడు” అన్నారు. ఐదు బాగానే. ఆరు బాగానే. ఇన్ని వారాల చదువు మూడు సెకన్లలో కొట్టుకుపోయింది.

తొమ్మిదో మంచం నాది. ఝాన్సీ, ఎలక్ట్రీషియన్, ఇరవై ఆరేళ్ళు. నిన్న పిత్తాశయం తీశారు. నాలుగింటికి డాక్టరు చూసి సరిగా ఉందన్నారు. ఉంది కూడా. జ్వరం లేదు, నొప్పి లేదంది. కానీ నాలుగు నుంచి ఆరు మధ్య నన్ను టైమెంతని మూడుసార్లు అడిగింది. ఎదురుగా గోడ మీద గడియారం ఉంది. చెప్పిన జవాబు మరిచిపోయి మళ్ళీ అడుగుతోంది.

నా వంతు వచ్చింది. ‘బాగానే ఉంది’ అనే మాట నాలిక మీదకి వచ్చి కూచుంది. దాన్ని అక్కడే ఉంచి, గవరయ్య మావ చొక్కా గుండీ తలుచుకున్నాను. పైడితల్లీ, తప్పైతే కాయి అనుకున్నాను.

“తొమ్మిదో మంచం, ఝాన్సీ. నాకు బాగోలేదనిపిస్తోంది. అడిగిందే అడుగుతోంది. చెయ్యి చల్లగా ఉంది. నాకు భయంగా ఉంది” అన్నాను. ఎవరో గుక్క తీసుకున్న చప్పుడు వినిపించింది. ఆగకుండా అన్నాను, “డాక్టరు ఇప్పుడే మళ్ళీ చూడాలి. రాత్రి పావుగంటకోసారి చూస్తే, ఈ పిల్ల బాగవుతుంది.”

ఆ నారింజ వెలుతుర్లో ఎదురుగా ఉన్న సుగుణ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

“తథాస్తు” అంది.

చెవి మీద తొమ్మిదో అంకె ఎర్రగా వెలిగింది. డాక్టరు అప్పటికే నడుస్తున్నారు. హెప్సిబా సిస్టర్ చెయ్యెత్తి, “ఆగండి. నాలుగో మంచం దగ్గర ఒక మాట వదిలేశాను. మళ్ళీ చెబుతాను” అన్నారు.

నోటు 13

పొద్దున్న ఆరు. లిఫ్టు దిగి పరిగెత్తాను. ఆయమ్మలు పరిగెత్తకూడదని రూలుంది.

అప్పగింత సుగుణ మొదలుపెట్టింది. డాక్టరు చూసేటప్పటికి ఏమీ తేలలేదట. అయినా పావుగంట పట్టీ తీసెయ్యలేదు. ఐదోసారి చూసినప్పుడు బీపీ పడుతోంది. వెంటనే పిలిచింది. లోపల ఒక కుట్టు వదులై నెత్తురు కారుతోందట, తెరిచి శుభ్రం చేసి మళ్ళీ కుట్టారు. “రెండు గంటలాగుంటే దక్కేది కాదన్నారు డాక్టరు. ఇప్పుడు తెలివి ఉన్నాది, ఒంట్లో వేడి ఉన్నాది. ఇయాళంతా పావుగంటకోపాలి సూడండి, మరి బాగవుతాది” అంది సుగుణ.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరం ఒకేసారి తథాస్తు అన్నాం. హెప్సిబా సిస్టర్ ఆమెన్ అన్నారు. వార్డు మూయొద్దని లెక్కలతో సహా కమిటీకి పంపే కాగితం మీద సంతకం నా చేత కూడా పెట్టించారు, విద్యార్థిని అని రాసి.

తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళాను. ఝాన్సీ కళ్ళు తెరిచి నన్ను చూసింది.

“టైమెంతయింది ఆంటీ?” అంది.

ఎదురుగా గడియారం ఉంది. మంచం కమ్మీ పట్టుకుని, “ఎందుకే?” అన్నాను.

“ఆ గడియారం ఆగిపోనాది, సూడనేదా? నిన్నట్నుంచీ నాలుగు దగ్గరే ఉంది. టీ ఏళయిందేమోనని అడుగుతున్నాను.”

తల తిప్పి చూశాను. నాలుగు దగ్గరే ఉంది. నిన్న నన్ను అంత భయపెట్టిన ప్రశ్నల్లో ఎన్ని జబ్బువో, ఎన్ని గడియారానివో ఇక ఎప్పటికీ తెలియదు. చెయ్యి మాత్రం నిన్న చల్లగానే ఉండింది. మళ్ళీ పట్టుకుని చూశాను. ఇప్పుడు వెచ్చగా ఉంది. ఆ చెయ్యి వదలకుండా స్టూలు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చాను.

డాక్టరు ఇంకా నీళ్ళే తాగమన్నారు కాబట్టి ఝాన్సీకి టీ లేదని చెప్పాను. ఆమె మొహం ముడుచుకుంది. సుగుణ పోసిన టీ ఆ పిల్లకి కనపడకుండా తలుపు వెనక నిలబడి తాగాను. తర్వాత నిచ్చెన తెచ్చి గడియారంలో బ్యాటరీ మార్చాను. ఇది కూడా నా పాఠంలో రాస్తున్నాను మేడం.